కిన్నెరకు రెండు మైకులు

2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట దర్శనం మొగులయ్య గొంతుతో మొదలవుతుంది. కాసేపటికే డ్రమ్ములు కమ్మేస్తాయి. సినిమా పాటకు అది తప్పేం కాదు. ఆ పాటతో ఆయన అందరికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ పన్నెండు మెట్ల కిన్నెర వినిపించిందా అంటే, నా మటుకు సగమే.

కిన్నెర నాదం రెండు చోట్ల ఉంటుంది: మెట్ల మీద తీగ పలికే చురుకు, సొరకాయ బుర్రల్లోంచి వచ్చే మోత. ఒక్క మైకు ఏదో ఒకదానివైపే మొగ్గుతుంది. అందుకని రెండు కావాలి. అయితే రెండు పెట్టినంత మాత్రాన పనైపోదు. ఒకటి 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే శబ్దం దానికి ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ రెంటినీ కలిపి ఫోన్ స్పీకరులో వింటే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి తినేస్తాయి. నాదం బోలుగా తేలుతుంది.

మా డోర్నకల్ లాంటి జంక్షన్ ఊళ్ళో రికార్డు చేస్తే రైలు కూత కూడా పడుతుంది. పడనివ్వండి. కిన్నెర ఊరూరా తిరిగిన వాయిద్యం, స్టూడియో నిశ్శబ్దం దాని సొంతం కాదు. పండుగ సాయన్న కథ మొత్తం, డ్రమ్ముల్లేకుండా, అలా వినాలి. వాయించేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. రేపు నేర్చుకోవాలనుకున్నవాళ్ళకు ఆ రికార్డింగే గురువు కావచ్చు.