బొంత కుట్టే ఇల్లు

పాత సామాన్లంటే మక్కువ ఉన్నవాళ్ల ఇళ్లలో రెండు పద్ధతులు చూస్తుంటాను. ఒకచోట ఇత్తడి గంగాళం హాల్లో ఓ మూల నిలబడి ఉంటుంది. వారానికోసారి దుమ్ము తుడవడమే దానికి జరిగే సేవ. ఇంకోచోట అదే గంగాళంలో పండగనాడు తలంటుకు నీళ్లు తొరుపుతారు. జాడీలో ఆవకాయే ఉంటుంది, చిలక్కొయ్యకు సంచి వేలాడుతుంది, తాతగారి మడతకుర్చీలో రోజూ ఎవరో ఒకరు కూర్చుని పేపరు చదువుతారు. నాకు రెండో ఇల్లే ఇష్టం. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజారులోనో బేరమాడి తెచ్చిన వస్తువైనా సరే, అటక మీంచి దించిన అమ్మమ్మ సొత్తైనా సరే, వాడుకలోకి వచ్చిన రోజే అది మనదవుతుంది.

వాడుకలోకి తేవాలంటే దాని మర్యాద తెలియాలి. ఇత్తడి మీది నల్లటి పొరను చింతపండు పులుపు కరిగిస్తుంది, కాబట్టి తోమడానికి అదే చాలు. లోపల కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మాత్రం పులుసు కాచకూడదు. కళాయి ఉన్న గిన్నెనూ ఖాళీగా పొయ్యి మీద వదిలేయకూడదు, ఎందుకంటే కళాయిగా పూసే తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. కొయ్య సామానుకూ, రాతి సామానుకూ ఇలాంటి పద్ధతులే ఉన్నాయి. గుడ్డకు ఉన్న పద్ధతి వీటన్నిటికంటే పెద్దది, దాని పేరు కుట్టుపని. అందులోనూ బొంతకు పెద్దపీట వేయాలని నా గట్టి నమ్మకం.

బొంతకు నూలు చీరే కావాలి. మంగళగిరి, వెంకటగిరి, చీరాల, ఏ ఊరి నేతైనా ఫర్వాలేదు, బాగా కట్టి బాగా ఉతికిందై ఉండాలి. మగ్గం ఎక్కేముందు పడుగుకు గంజి పెడతారు. ఉతికే కొద్దీ ఆ గంజి వదిలి పోగు మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి కట్టిన చీరకుండే మెత్తదనం ఎంత ధర పెట్టినా కొత్త గుడ్డకు రాదు. పసిపిల్లల పొత్తిగుడ్డలకు పాత చీరే ఎందుకు వెతికేవారో దీన్ని బట్టే తెలుస్తుంది. పాలియెస్టర్ చీరలు పనికిరావు. అవి చెమట పీల్చవు, పొర మీద పొర జారిపోతుంది, కుట్టేవాళ్ల ఓపిక హరించుకుపోతుంది.

అయిదున్నర మీటర్ల చీరను సగానికి చేస్తే సుమారు 2.75 మీటర్ల పొడవున్న రెండు ముక్కలు వస్తాయి. అడ్డంగా చిన్న గాటు పెట్టి చేత్తో చింపితే పేక వెంట నేరుగా చిరుగుతుంది. కత్తెర అంత తిన్నగా వెళ్లదు. మూడు చీరలకు ఆరు పొరలు, అంటే ఒక మనిషికి సరిపడే బొంత. చంటిబిడ్డకైతే ఒక్క చీర నాలుగు మడతలు వేస్తే చాలు. గట్టిగా ఉన్న ముక్కలు పైకీ కిందికీ వెళ్తాయి, చివికినవి మధ్యలో ఉంటాయి. చిరుగులకు ముందే మాసికలు వేసుకోవాలి. ముతక అంచులను విడిగా చింపి దాచుకోవాలి. వాటి పని ఆఖర్న వస్తుంది.

పరవడం దగ్గరే బొంత భవిష్యత్తు తేలిపోతుంది. చాప వేసి, పొర మీద పొర పరుస్తూ, అరచేత్తో మధ్య నుంచి అంచులకు సాపు చేసుకుంటూ రావాలి. నాలుగు మూలలా బరువు పెట్టాలి, నీళ్లు నింపిన చెంబులైనా సరే. తర్వాత టాకాలు. ముందు మధ్యలో నిలువునా అడ్డంగా, ఆపైన మూల నుంచి మూలకు, ఆ తర్వాత జానెడుకొకటి చొప్పున పొడుగాటి కుట్లు వేసుకుంటూ పోవాలి. బొంత పూర్తయ్యాక ఇవి తీసేసేవే కదా అని చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఆ తొందర ఖరీదు తర్వాత తెలుస్తుంది. కుడుతున్న కొద్దీ సూది గుడ్డను కొంచెం కొంచెంగా ముందుకు నెడుతుంది. టాకాలు సరిగ్గా లేకపోతే అలా జరిగిన గుడ్డంతా ఒకచోట పోగై ఉబ్బుతుంది. కుట్టు విప్పడం తప్ప దానికి మందు లేదు.

బొంత అనగానే దబ్బనం గుర్తొస్తుంది కానీ, అది బాగా దళసరి బొంతలకే పనికొస్తుంది. ఆరు పొరల పాత చీరలకు పొడవాటి లావుసూది చాలు. దబ్బనం చివికిన గుడ్డలో పెద్ద బెజ్జాలు పెడుతుంది. నూలుదారం రెండు పేటలు తీసుకుని, మైనం ముక్క మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. దారం బారెడుకు మించకూడదు, మించితే ముడులు విప్పడంతోనే పొద్దుపోతుంది. మొదటి ముడి పొరల మధ్యకు దూర్చి దాచేయాలి. కుట్టు వడ్లగింజంత, కుట్టుకూ కుట్టుకూ ఎడం కూడా అంతే. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల దూరం. కొందరు అంచు నుంచి చుట్లు చుట్లుగా లోపలికి వస్తారు, కొందరు నిలువు వరసలు వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మధ్య వరసతో మొదలుపెట్టి రెండువైపులకూ పోవడం మేలు. అలాగైతే ఎక్కువైన గుడ్డ అంచుల దాకా వెళ్లి అక్కడ కత్తిరింపుకు దొరుకుతుంది. చివరికి ముందు దాచిన చీర అంచులను చుట్టూ మడిచి కుట్టాలి. దుప్పటిని మనం లాగేదీ పట్టుకునేదీ అంచుల దగ్గరే కాబట్టి ముందు చిరిగేది అక్కడే. గట్టి నేత ఉన్న చోటు అదే కావడం బాగుంటుంది.

ఇంత శ్రమకు ఫలితం ఏమిటి? పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే బొంత కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది. దగ్గర దగ్గర కుట్లు బరువును గుడ్డంతటికీ పంచుతాయి. ఒకచోట పోగు తెగినా పక్క పోగులూ కింది పొరలూ ఆపుకుంటాయి. విడిగా ఒక్కొక్కటీ చేతిలో చిరిగిపోయే చీరలు, కలిపి కుట్టాక ఏళ్లపాటు రోజువారీ వాడకానికి ఆగుతాయి. పై పొర అరిగినప్పుడు బొంతను పారేయరు. దాని మీద ఇంకో చీర పరిచి మళ్లీ కుడతారు. పాత బొంత అంచు విప్పి చూస్తే కింద ఇంకో రంగు, దాని కింద మరో పువ్వు కనిపిస్తాయి. ఇది అమ్మ బారసాలకు కట్టింది, ఇది పెద్దమ్మ పొలానికి కట్టుకెళ్లింది అని పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు వింటూ నిద్రపోతారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద బొంత పరచుకుని, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ కూర్చుని కుట్టడం మన ఊళ్లలో ఎంతోమంది ఎరిగిన దృశ్యం. చేతులు ఒకే పని మీద ఉండగా మాట దానంతట అది సాగుతుంది. చెప్పుకోలేని కష్టాలు కూడా ఆ వరసల మధ్య బయటికొస్తాయి. అది వారాల తరబడి సాగే పని కాబట్టి, పక్కింటి వాళ్లతో పరిచయం స్నేహంగా ముదరడానికి కూడా వ్యవధి ఉండేది.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. బెంగాల్లో కాంతా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది, బీహారులో సుజని, అన్నిటికీ మూలం పాత గుడ్డ, సాదా పరుగు కుట్టే. వీటిలో కొన్ని ఇప్పుడు గ్యాలరీలకెక్కి మంచి ధర పలుకుతున్నాయి. సంతోషమే. మన బొంతను మాత్రం మనమింకా లేమికి గుర్తుగానే చూస్తున్నాం, చుట్టాలొస్తే లోపల పెట్టేస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. బొంతలో ఉన్న లెక్క, ఓపిక, గుడ్డ గురించిన జ్ఞానం కాంతాలో ఉన్నదానికి ఏమాత్రం తీసిపోవు.

ఇక మిషను. చేతికుట్టు బొంతకు అందం. పరదాలకూ, దిండు గలీబులకూ, సంచులకూ మిషను కావాలి. పాతది దొరికితే వదలొద్దు. సింగర్ కంపెనీ 19వ శతాబ్దంలోనే మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. 1930ల్లో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ వారి ఉషా వచ్చింది. యంత్రాల మీద అంత విముఖత ఉన్న గాంధీగారు కూడా 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపునిచ్చారు. మనిషి చేతికి సాయపడుతూ, మనిషిని పనిలోంచి తోసేయని యంత్రం అని ఆయన ఉద్దేశం. తొక్కుడు మిషను మీద కూర్చున్నవాళ్లకు ఆ మాట ఇట్టే బోధపడుతుంది. కాలు ఆపితే సూది ఆగుతుంది. వేగం మన చేతిలో, కాదు, మన పాదంలో ఉంటుంది. కరెంటు పోయినా పని ఆగదు.

ఏళ్లుగా మూలపడిన మిషను బిగుసుకుపోయి ఉంటే తుప్పు పట్టిందని నిరాశపడనక్కర్లేదు. ఎక్కువసార్లు అది ఎండి జిగురైన పాత నూనే. కదిలే ప్రతి చోటా కొద్దిగా కిరసనాయిలు వేసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చక్రాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటే వదులవుతుంది. మిషను మీది నల్ల రంగుపైనా బంగారు పూలపైనా కిరసనాయిలు పడనివ్వకండి. తర్వాత శుభ్రంగా తుడిచి మిషను ఆయిలే వేయాలి. కొబ్బరినూనె అసలు వద్దు. చలికాలంలో అది గడ్డకడుతుంది, తర్వాత జిగురవుతుంది. మిషను పాదం కింద గుడ్డను ముందుకు నెట్టే పళ్ల మధ్య పేరుకున్న నూగును కుంచెతో తీసేయాలి. తోలు బెల్టు సాగి ఉంటే కొత్తది కొనుక్కోవాలి, మిషన్లు బాగుచేసే ప్రతి కొట్లోనూ దొరుకుతుంది.

కుట్టు తేడాగా పడితే బెంబేలెత్తి మరలన్నీ తిప్పేయకూడదు. మిషను కుట్టులో రెండు దారాలుంటాయి, సూదిలోది ఒకటి, బాబిన్‌లోది ఒకటి. అవి గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. గుడ్డ అడుగున ఉచ్చులు ఉచ్చులుగా వస్తే తప్పు పైదారంలో ఉన్నట్టు. మనం అడుగున వెతుకుతాం కానీ, చాలాసార్లు పైదారం టెన్షన్ బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోదు. మిషను పాదం పైకెత్తి ఉంచి దారం ఎక్కిస్తే ఆ బిళ్లలు తెరుచుకుని దారం లోపలికి దిగుతుంది. అప్పటికీ కుదరకపోతే సూది మార్చండి. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, దళసరి వాటికి 16 లేదా 18. మొండిసూది చేసే అల్లరి అంతా ఇంతా కాదు.

పాత పట్టుచీర సంగతి వేరు. అది మడతల దగ్గరే విరుగుతుంది, కాబట్టి బీరువాలో ఒకే మడతలో ఉంచకుండా తిరగేస్తుండాలి. కట్టడానికి పనికిరాని స్థితికి వస్తే బాగున్న మేర తీసి, లోపల మెత్తటి నూలు గుడ్డ అస్తరు వేసి, ఆడపిల్లకు పరికిణీ కుట్టించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న మంచి పద్ధతి. పాత పట్టుచీరలు కొంటామని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లు జరీలోని వెండి కోసం కొంటారు. చీర కాలిపోతుంది, వెండి కరుగుతుంది. ఇంటి అవసరం కొద్దీ అమ్ముకునేవాళ్లను తప్పుపట్టను. అవసరం లేనప్పుడు అమ్మొద్దనే చెబుతాను.

ఈ పనుల్లోని సంతోషం గురించి మాట్లాడుతూ వీటిని ఊసుపోక చేసే పనులుగా తీసిపారేస్తే అన్యాయం. నరసాపురం లేసు కథ అందుకు సాక్ష్యం. పశ్చిమ గోదావరి డెల్టాలో వేలాది ఆడవాళ్లు క్రోషియా సూదితో అల్లిన లేసు విదేశాలకు వెళ్లేది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆ ఆడవాళ్లను గృహిణులని, వాళ్లు చేసేది తీరిక వేళల పనని చెప్పుకోవడం వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందని ఆమె చూపించింది. అదే నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది కాబట్టి ఇకనైనా బేరమాడేటప్పుడు అల్లిన చేతుల గంటలు లెక్కలోకి రావాలి. బొంత కుట్టించుకునే వాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. చీరలు మనవే కదా అని కుట్టుకూలి దగ్గర గీసి గీసి బేరమాడడం తగదు. ఒక పెద్ద బొంత వారాల పని. మెడ, నడుము, కళ్లు, వేలికొనలు అన్నీ దానికి పెట్టుబడే.

స్టీలు గిన్నెలు పెట్టుకుని పాత బట్టలకిస్తామంటూ వచ్చే ఆమె మీ వీధికీ వస్తుంది. ఆమె బతుకుతెరువు ఆమెది, ఇవ్వగలిగినవి ఇవ్వండి. అయితే అంతకుముందు మూటలోంచి మూడు నూలు చీరలు తీసి పక్కన పెట్టండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బొంత కుట్టడం తెలిసిన అమ్మమ్మో అత్తయ్యో ఇంకా ఉండే ఉంటుంది. వరి కోతలయ్యాక, చలి ముదరకముందే ఆమెను పిలిచి, చాప పరిచి, మొదటి టాకా ఆమెతోనే వేయించండి.