చేతికి తెలిసిన చోటు

పెద్దపంజాణిలో గానీ, పక్కన పుంగనూరు, పలమనేరుల్లో గానీ జిరాక్స్ అంగళ్లు నడిపేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్‌ను చదివి నేర్చుకోలేదు, చూసి నేర్చుకున్నారు. ఎడమ పక్క కింది మూల నొక్కాలి, పైకి లేచిన పట్టీలో ఫలానా వరస పట్టుకోవాలి, ప్రింటు బొమ్మ ఫలానా చోట ఉంటుంది. విద్యంతా చోట్లలోనే ఉంది. ఇంగ్లీషు మెనూలు గబగబా చదవలేని మనిషికి చోటే గుర్తు. టైపు మిషను మీద వేళ్లు తిప్పుకుని డీటీపీలోకి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ విద్య మీద నాకు గౌరవం. 2011 నవంబరులో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. అప్పటినుంచి కులం, ఆదాయం పత్రాలు, అడంగల్, వన్-బి లాంటి పొలం కాగితాలు అన్నీ ఈ తెరల మీదుగానే రైతు చేతికి వస్తున్నాయి. అంగట్లో పిల్ల చెయ్యి తడబడితే బయట నిలబడ్డ మనిషి పూట పని పోతుంది.

చేతి అలవాటు ఎంత గట్టిదో కీబోర్డును చూస్తే తెలుస్తుంది. 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మిన టైపు మిషను అక్షరాల వరసే చిన్నచిన్న మార్పులతో ఈనాటి ల్యాప్‌టాప్ మీదా ఉంది. 1936లో డ్వోరాక్ అనే ఆయన ఇంకో వరసకు పేటెంటు తీసుకున్నారు, అదే మేలన్నవాళ్లు చాలామంది. అయినా పాతదే నిలిచింది. లెక్కలేనన్ని చేతులు దాన్ని నేర్చుకుని ఉండటమే కారణం.

తెర మీది బొమ్మలకు ఆ భాగ్యం దక్కలేదు. 1995లో విండోస్ 95 స్టార్ట్ బటన్‌ను ఎడమ మూలన పెట్టింది. 17 ఏళ్లు చేతులు అటే పోయాయి. 2012లో విండోస్ 8 దాన్ని పీకేసి తెరనిండా పలకలు పరిచింది. వేలితో తాకే ట్యాబ్‌లెట్‌కూ మౌసు పట్టుకునే బల్ల మీది కంప్యూటర్‌కూ ఒకే తెర సరిపెట్టాలన్నది వాళ్ల ఆలోచన. జనం గోలపెట్టాక 2013లో బటన్, 2015లో మెనూ తిరిగొచ్చాయి. 2021లో విండోస్ 11 మళ్లీ దాన్ని పట్టీ నడుమకు తెచ్చింది. నడుమ అన్నా అది ఒకచోట నిలవదు. తెరిచిన ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఎడమకు జరుగుతూ పోతుంది. పాత మూలకు మార్చుకునే వీలుంది, నిజమే. అందుకు సెట్టింగ్స్‌లోకి పోయి టాస్క్‌బార్ అలైన్‌మెంట్ అన్న మాట వెతకాలి. చోటును నమ్ముకుని పనిచేసే మనిషి ఆ మాటను ఎక్కడని వెతుకుతాడు? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. పాత మిషన్లు మార్చుకునే ప్రతి అంగడికీ ఇప్పుడు ఈ తిప్పలు కొత్తగా మొదలవుతాయి.

తెలుగు కొట్టేవాళ్ల కష్టం ఇంకా లోతైనది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది, కీబోర్డూ ఉంది. కానీ అవి సరిగ్గా పనిచేయాలంటే ప్రాంతీయ సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాల్సి వచ్చేది. ఆ గడి పక్కన తెలుగు అన్న మాటే ఉండేది కాదు. సంక్లిష్ట లిపులు, కుడినుంచి ఎడమకు రాసే భాషలు అని ఉండేది. పైగా టిక్కు పెడితే సీడీ అడిగేది. ఆ గడి సంగతి తెలియక, తెర మీద తెలుగు చెదిరిపోయి కనిపిస్తుంటే, తమ కంప్యూటర్‌కు తెలుగే రాదనుకున్నవాళ్లు ఎంతమందో.

ఇప్పుడు తెలుగు వస్తుంది. ఏ క్షణాన కీబోర్డు ఏ భాషలో ఉందో మాత్రం చేతికి తెలియదు. ఒక అంగట్లో నా కళ్లముందు జరిగిన సంగతి. పాప ఒక ముసలాయనకు తెలుగులో అర్జీ కొట్టిచ్చి, వెంటనే ఆయన పొలం కాగితం కోసం ఒక పోర్టల్ తెరిచింది. పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు అంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పు.

"ఏం పాపా, నిన్న ఆ పిల్లోడు చిటికెలో తీసిచ్చినాడే?"

"ఒగ నిమిషం ఉండు తాతా. పొద్దున ఇదే కొట్నా, పోయింది."

క్యాప్స్‌లాక్ దీపం చూసింది. ఆరిపోయే ఉంది. అర్జీ కొట్టినప్పటి తెలుగు కీబోర్డు ఇంకా అలాగే ఉంది. పాస్‌వర్డ్ గడిలోని నల్లచుక్కల వెనక పడుతున్నవి తెలుగు అక్షరాలు. వాటిని చూసే దారే లేదు. భాష తెలిపే గుర్తు తెర కింద కుడిమూలన, గడియారం పక్కన, చీమంత. పాప కన్ను పాస్‌వర్డ్ గడి మీద ఉంది, ఉండాల్సిందీ అక్కడే. ముసలాయన మాత్రం ఈ పిల్లకు పని రాదనుకున్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దాచిపెట్టింది యంత్రం, మాట పడింది పాప.

కట్, కాపీ, పేస్ట్‌లను మనకిచ్చిన వాళ్లలో ఒకడైన లారీ టెస్లర్ ఇలాంటి తిప్పల మీదే జీవితకాలం పోరాడాడు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రం పార్క్‌లో చేరిన మనిషి. ఒకే మీట ఒకసారి ఒక పని, ఇంకోసారి ఇంకో పని చేయకూడదన్నది ఆయన పట్టు. అలా మీట పని మారిపోయే స్థితినే మోడ్ అంటారు. మోడ్‌లు వద్దన్న మాటను కారు నంబరు పలక మీద కూడా వేయించుకున్నాడు. 2020లో పోయాడు. రెండు భాషల్లో కొట్టే మనకు మోడ్ తప్పదు. తప్పనప్పుడు అది కళ్లెదుట కనబడాలి. విండోస్ లాగిన్ తెర మీద క్యాప్స్‌లాక్ వెలిగి ఉంటే, పాస్‌వర్డ్ గడి కిందే ఒక ముక్క చెబుతుంది. కీబోర్డు ఏ భాషలో ఉందో చెప్పే ముక్క కూడా పాస్‌వర్డ్ అడిగే ప్రతి గడి కిందా కనబడాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

అది వచ్చేదాకా మన మండలాల్లో కంప్యూటర్ నేర్పేవాళ్లు ఒక పని చేయవచ్చు. విండోస్ మీట పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే భాష మారుతుందన్న సంగతి ఎంఎస్ వర్డ్ కన్నా ముందు చెప్పాలి. పాస్‌వర్డ్ కొట్టబోయే ముందు యూజర్ నేమ్ గడిలో ఒక అక్షరం కొట్టి చూసుకుని, చెరిపి, అప్పుడు ముందుకు పొమ్మనాలి.