పచ్చని వెలుగు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

మూత్రపిండంలో 4 సెంటీమీటర్లకు మించని కణితి కనిపించగానే అది క్యాన్సరేనని నిర్ణయించరాదు. శస్త్రచికిత్సతో తొలగించిన ఇటువంటి కణితుల్లో దాదాపు ఐదింట ఒకటి హానిలేనిదని కణజాల పరీక్షలో తేలుతుంది. ఆ రోగుల్లో చాలామందికి కోత అవసరమే లేకపోయి ఉండవచ్చు. అందువల్ల ఏ చిత్రణ పద్ధతినైనా ఈ దృష్టితోనే పరీక్షించాలి.

రోబో సహాయంతో చేసే పాక్షిక మూత్రపిండ శస్త్రచికిత్సలో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంజకాన్ని సిరలోకి ఎక్కిస్తారు. పరారుణ కాంతిలో ఆరోగ్యవంతమైన మూత్రపిండం పచ్చగా వెలుగుతుంది. కణితి సాధారణంగా నల్లగా ఉండిపోతుంది. దీన్ని చూసి "నల్లనిది క్యాన్సర్" అనుకోవడం సులభం. ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో గమనించండి.

రంజకాన్ని ప్రధానంగా గ్రహించేవి సమీపస్థ సంవళిత నాళిక కణాలు. వాటిలోని ఒక వాహక ప్రోటీను ఇందుకు కారణమని భావిస్తున్నారు. అది కొరవడిన కణజాలం నల్లగా కనిపిస్తుంది. కొవ్వు, కండరం, రక్తనాళాలతో ఏర్పడే యాంజియోమయోలైపోమా హానిలేనిదే అయినా నల్లగా కనిపించవచ్చు. మరోవైపు కొన్ని క్యాన్సర్లు చుట్టూ ఉన్న కణజాలంతో సమానంగా వెలుగుతాయి. కాబట్టి ఈ వెలుగు మూత్రపిండాన్ని కణితి నుంచి వేరుచేస్తుందే గాని, మంచి కణితిని చెడ్డ కణితి నుంచి నమ్మకంగా వేరుచేయదు.

అలాగని పద్ధతి నిరుపయోగం కాదు. కణితి అంచును గుర్తించడానికి, ధమనిని బిగించిన భాగానికి రక్తం ఆగిందో లేదో చూడడానికి ఇది ఉపకరిస్తుంది. అసలు లోపం సమయానికి సంబంధించినది. కోయాలా వద్దా అన్న ప్రశ్నకు, కోత మొదలైన తరువాత వచ్చే సమాధానం ఆలస్యమే.

ఆ సమాధానాన్ని ముందే వెతకాలి. సి.టి. స్కాన్‌లో -10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకన్నా తక్కువ సాంద్రత గల కొవ్వు కనిపిస్తే అది యాంజియోమయోలైపోమా అని చాలావరకు నమ్మవచ్చు. కొవ్వు తక్కువగా ఉన్న రకం మాత్రం ఇక్కడా తప్పించుకుంటుంది. ఆంకోసైటోమా మధ్యలో కనిపించే నక్షత్రాకార మచ్చ క్యాన్సర్‌లోనూ ఉండవచ్చు. సందేహం మిగిలినప్పుడు సూదితో తీసే బయాప్సీ మేలు. అయితే అదీ ప్రతిసారీ స్పష్టమైన ఫలితం ఇవ్వదు.

ఇకపై ఏ వైద్య చిత్రాన్ని చదివినా మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది దేన్ని దేని నుంచి వేరుచేస్తోంది? ఆ సమాధానం రోగికి ఉపయోగపడే సమయంలోనే వస్తోందా?