ముప్పై నాలుగు బైట్ల ఎల్లారెడ్డి

2002 ఎండాకాలంలో విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకుందామని ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందర్రలో కూర్చున్నాను. నా దగ్గరున్నది పాత పెంటియం, 32 ఎంబీ ర్యామ్, ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఎక్కించిన లినక్స్. అందులో ఎడిటర్ ఉంది. కానీ దానికి తెలుగు అక్షరం తెలియదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001 సెప్టెంబరులో వచ్చిన విమ్ 6.0కు, యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి వచ్చని చదివాక నాకు మనసు నిలవలేదు. మా ఊరి పేరు మా అక్షరాల్లో కొట్టాలి, అంతే.

ఇంటర్నెట్ కోసం కామారెడ్డి పోవాలి. అప్పుడు రెండు ఊళ్లూ నిజామాబాద్ జిల్లాలోనివే. నెట్ సెంటర్‌లో సోర్సు దింపుకుని, ఫ్లాపీకి పట్టేటట్టు 1.44 ఎంబీ లోపు ముక్కలు చేసి, సంచిలో పెట్టుకుని, లింగంపేట మీదుగా బస్సులో వచ్చాను. మూడో ఫ్లాపీ చదవలేదు. మర్నాడు మళ్లీ పోతే కౌంటర్ దగ్గరి పిల్లవాడు, "ఏందన్నా, మళ్లొచ్చినవ్?" అంటూనే కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఈసారి ఒక్కో ముక్కను రెండేసి ఫ్లాపీల్లో ఎక్కించుకున్నాను.

ముందుగా నడిపేది కాన్ఫిగర్. ఇల్లు కట్టే మేస్త్రీ జాగా అంతా తిరిగి చూసినట్టు, అది కంప్యూటర్‌ను ఒక్కొక్కటే అడుగుతుంది: కంపైలర్ ఉందా, ఫలానా ఫంక్షన్ ఉందా, తెర మీద రాయడానికి లైబ్రరీ ఉందా? ఆ చివరి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఎన్‌కర్సెస్ లైబ్రరీ ఉంది కానీ, కంపైల్ చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్లు లేవు. అవి రెండో సీడీలో దొరికాయి.

ఆ తర్వాత సోర్సు ఫైళ్లను కంపైల్ చేయించే మేక్. దాన్ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. మాటిమాటికీ కరెంటు పోయే ఊళ్లో దాని విలువ నాకు తెలిసినంతగా పెద్ద ల్యాబుల్లో వాళ్లకు తెలిసి ఉంటుందా అనిపిస్తుంది. అది సోర్సు ఫైలు తేదీని, దాని నుంచి పుట్టిన ఆబ్జెక్ట్ ఫైలు తేదీని పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆబ్జెక్ట్ కొత్తదైతే ఆ పని అయిపోయినట్టే, దాన్ని ముట్టుకోదు. సగంలో కరెంటు పోయినా, వచ్చాక మళ్లీ మేక్ అంటే ఆగిన చోటి నుంచి అందుకోవాలి. బఫర్, కార్‌సెట్, ఎడిట్, ఇవాల్ అంటూ ఫైళ్లు ఒక్కొక్కటే తెర మీద కదిలిపోతుంటే నాకు చూడబుద్ధయ్యేది.

మా ఇంట్లో మాత్రం అది ప్రతిసారీ మొదటికొచ్చేది. ఒక రోజంతా నాకు అంతు చిక్కలేదు. సాయంత్రం ఊరికే ఫైళ్ల తేదీలు చూస్తే, అప్పుడే పుట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద 1994 అని ఉంది! మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి పోతోంది. 2001 నాటి సోర్సు ముందు 1994 నాటి ఆబ్జెక్ట్ పాతదే కదా, అందుకని మేక్ మళ్లీ మళ్లీ చేస్తోంది. దానికి ఇచ్చిన తేదీలే తప్పు. అప్పటి నుంచి కరెంటు వచ్చిన ప్రతిసారీ చేతి గడియారం చూసి తేదీ, సమయం కొట్టాను. ఆ రాత్రి నుంచి పని ముందుకు సాగింది. ఇంకొకసారి కరెంటు పోయినప్పుడు ఒక ఆబ్జెక్ట్ ఫైలు ఖాళీగా మిగిలింది. తేదీ కొత్తది కాబట్టి మేక్ దాన్ని నమ్మేసింది, చివర ఫైళ్లన్నింటినీ కలిపే లింకింగ్ దగ్గర తప్పు బయటపడింది. ఆ ఒక్క ఫైలు తీసేసి మళ్లీ నడిపితే సరిపోయింది.

మేక్ ఇన్‌స్టాల్‌తో ఎక్కించి విమ్ తెరవగానే తెర మీద ఉగాండా పిల్లలకు సాయం చేయమన్న మాట కనిపించింది. బ్రామ్ మూలెనార్ అనే డచ్ మనిషి 1988లో తన అమిగా కంప్యూటర్ కోసం మొదలుపెట్టిన ఎడిటర్ ఇది. 1991లో లోకానికి ఇచ్చారు. ధర అడగలేదు, ఉగాండాలోని కిబాలే అనాథ పిల్లలను తలుచుకోమన్నారు. ఆయన 2023 ఆగస్టు 3న పోయారని చదివిన రోజు నాకు ఏ పనీ తోచలేదు.

ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో చెప్పే కీమ్యాప్ ఫైలును నేనే రాసుకుని 'ఎల్లారెడ్డి' అని కొట్టాను. తెర మీద తెలుగు రాలేదు, ప్రశ్నార్థకాలే వరుసగా నిలబడ్డాయి. ఆ కన్సోల్‌కు మన లిపి గీయడం రాదు. మొదటి అక్షరం మీద కర్సర్ పెట్టి జీ8 కొడితే అడుగున ఈ0 బీ0 8ఈ అని వచ్చింది. యూటీఎఫ్-8లో ఎ అంటే ఆ మూడు బైట్లే. చూడ్డానికి నాలుగక్షరాల పేరు కానీ లోపల పదకొండు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, చివర వరుస ముగింపు ఒకటి. మొత్తం ముప్పై నాలుగు. లెక్క సరిపోయింది. అదే ఫైలును కామారెడ్డిలో పోతన ఫాంటున్న కంప్యూటర్‌లో తెరిచి చూపిస్తే, "అరె, మీ ఊరే కదన్నా!" అన్నాడు కౌంటర్ పిల్లవాడు.

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. నిన్న తెరిచి చూశాను, ముప్పై నాలుగు బైట్లే.