శస్త్రచికిత్స తరువాత మెదడు స్కాను: ఎప్పుడు అవసరము?

పెన్నానది కొండలను చీల్చిన గండికోట గండి అంచున నిలిచి, ఉదయమున ఛాయాచిత్రము తీసినవానికి నది శాంతముగానే కనబడవచ్చును. ఎగువను వానలు కురిసి రాత్రి వరద వచ్చినచో, ఆ చిత్రమును చూపి వరద లేదని వాదించుట తగునా? మెదడు శస్త్రచికిత్స పిమ్మట తీయు స్కానును గూర్చియు ఇదే ప్రశ్న వేసికొనవలెను.

సి.టి. స్కాను ఎక్సు-కిరణములను పలుదిక్కులనుండి తలగుండ పంపి, లోపలి భాగములను కంప్యూటరుచే పొరలుపొరలుగా చిత్రించును. హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో తొలి రోగి మెదడును 1971 అక్టోబరు 1న లండనులో చిత్రించిరి. శస్త్రచికిత్స తరువాత లోపల రక్తము చేరినను, మెదడు వాచినను, మెదడులోని ద్రవము నిలిచిపోయినను, పైకి కనబడు చిహ్నములు ఇంచుమించు ఒక్కటే: మగత, వాంతి, కాలుసేతుల బలహీనత. చికిత్సలు మాత్రము వేరు. కారణమేదో నిమిషములలో తేల్చుటయే స్కాను గొప్పతనము.

అంతమాత్రమున ప్రతి రోగికిని వెంటనే స్కాను తీయవలెననుట సరికాదు. మెలకువతో మాటాడుచు, కాలుసేతులు కదల్చుచున్న రోగికి అలవాటుగా తీసిన స్కానువలన చికిత్స మారుట అరుదు. అతనిని పడకనుండి కదల్చుటలో అపాయము కలదు. తలకు ఒకసారి స్కాను తీసినచో సుమారు 2 మిల్లీసీవర్టుల వికిరణము సోకును. ప్రకృతినుండి ఏడాదిలో మనకు సోకునది దాదాపు ఇంతే. అన్నిటికన్న పెద్ద కీడు తప్పుడు ధీమా. స్కాను ముగిసిన పిదపనైనను రక్తస్రావము కావచ్చును.

కావున ముఖ్యమైన కావలి గంటగంటకు రోగిని పలుకరించు నర్సుది. టీస్‌డేలు, జెన్నెట్టు అనువారు 1974లో ప్రకటించిన గ్లాస్గో కొలమానము ఆమెకు సాధనము. కన్ను తెరచుట, మాట, కదలిక, ఈ మూడింటికి మార్కులు వేయగా మొత్తము 3 నుండి 15 వరకు వచ్చును. ఆ మొత్తము 2 తగ్గినను, ఒక కంటిపాప పెద్దదైనను, మూర్ఛ వచ్చినను స్కానుకు ఏమాత్రము ఆలస్యము చేయరాదు. మత్తుమందుతో నిద్రలో ఉంచిన రోగిని పలుకరించి చూచుట సాధ్యము కాదు. అట్టివానికి ముందుజాగ్రత్తగా తీయుట సమంజసమే.

రాయలసీమవారికి మరొక చిక్కు కలదు. డాక్టరు జేకబ్ చాండీ 1949లో మనదేశపు తొలి నాడీశస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పిన వెల్లూరుకు ఈ ప్రాంతమునుండి రోగులు నేటికిని పోవుచుందురు. చికిత్స ముగిసి ఇల్లు చేరినవానికి వారము తరువాత మగత కమ్మినచో, “అక్కడ తీసిన స్కాను బాగున్నది గదా” అని ఊరకుండరాదు. వెంటనే 108 వాహనమును పిలిచి, స్కానుతోపాటు శస్త్రవైద్యుడును ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. పాత స్కానును వెంట తీసికొనిపోయినచో, కొత్తదానితో పోల్చి చూచుటకు వైద్యునికి ఉపకరించును.