సీసాలో రాయి లేదు

మా అమ్మాయి ఫ్లోరెన్స్‌లో చదువుతున్న పుణ్యమా అని ఈ వారం కియాంతి కొండల్లో, గ్రేవే అనే ఊళ్లో ఓ వైన్ కొట్టు గడప తొక్కాను. వైన్ విషయంలో నాది ఇంకా ఓనమాల దశే. పోసినాయన గ్లాసు గిర్రున తిప్పి, "వాసన చూడండి, మా గలెస్త్రో తగులుతుంది" అన్నాడు. గలెస్త్రో అక్కడి నేలలో పొరలు పొరలుగా చిట్లిపోయే బంకమట్టి రాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

నా గోల మీకు కొత్తకాదు. రుచి చేతిది, నేలది కాదు అంటాను. పూతరేకుల మీద ఆ మాట రాసినప్పుడు ఆత్రేయపురం నుంచి ఎన్ని ఉత్తరాలొచ్చాయని! "మా గోదావరి నీళ్లు లేకుండా చేసి చూపించు" అని ఒకాయన. "అసలు నువ్వు కుండ మీద గుడ్డ లాగగలవా?" అని ఇంకో ఆవిడ. ఆవిడ నా పక్షానే సాక్ష్యం చెప్పింది, గమనించినట్టు లేదు. బోర్లించిన కుండ లోపల కొబ్బరాకుల మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డతో ఒక్క లాగు, రెప్పపాటులో రేకు లేచి రావడం. అది చేతి విద్య కాక మరేమిటి?

అంచేత రాయి కథ నాకు ఎక్కలేదు. తీగ వేరు నీళ్లనీ కాసిని లవణాలనీ పీలుస్తుంది, రాతి వాసనని పండులోకి మోసుకుపోదు. 1716లో మూడో కోసిమో ప్రభువు కియాంతికి హద్దులు గీశాడు, నిజమే. కానీ ఇటలీకి ప్రధానిగా చేసిన బెత్తినో రికాసోలి 1872లో రాసిన పేరుమోసిన ఉత్తరం ఏ ద్రాక్ష దేనికి కలపాలన్నదాని గురించి: సాంజోవేజె వాసనకీ బలానికీ, కనయోలో దాని కరుకుదనం తగ్గించడానికీ. అదీ చేతి పనే.

ఇంతకీ రుచి. ముందు ఎర్ర చెర్రీ, తర్వాత ఎండుటాకు, అడుగున తడిమన్ను. మన్ను ఉన్నమాట నిజం, పులియడంలోనో మాగడంలోనో వచ్చి ఉంటుంది. ఆపైన గట్టి పులుపు. మింగాక వక్క నమిలినట్టు నాలుక బిగుసుకుపోయింది. నచ్చలేదు.

రాత్రి అమ్మాయి ఏడెనిమిది యూరోల మామూలు కియాంతి తెచ్చింది. పక్కన ఉప్పులేని తస్కనీ రొట్టె, గొర్రెపాల చీజ్, రొట్టె ముక్కలు వేసి ఉడికించిన టమాటా గంజి. చీజ్ కొరికి గుటకేస్తే వగరు అందులోని మాంసకృత్తుల్ని పట్టుకుని నా నాలుకని వదిలేసింది. పులుపు టమాటాలో కలిసిపోయింది. "నాన్నా, గ్లాసు ఖాళీ" అంది అమ్మాయి. ఆ వగరుని మెత్తబరచడం వైన్ చేసేవాడికి రాక కాదు, పక్కన ఏం పెట్టుకుంటారో తెలిసి వదిలేశాడు. టమాటా ఆలస్యంగా వచ్చిన చుట్టమే అయినా ఆ గొర్రె, ఆ రొట్టె, ఆ ద్రాక్ష ఒక్క చోటివి. దీన్ని చేతి ఖాతాలోనే వేద్దామంటే నాకే మనసొప్పడం లేదు.

కొత్తవాళ్లు ఎక్కువకాలం మాగబెట్టిన రిజర్వా జోలికి అప్పుడే వెళ్లనక్కర్లేదు. ఉత్తగా చప్పరించి తీర్పు చెప్పకండి, భోజనానికి కూర్చున్నాకే మూత తియ్యండి. ఎండాకాలమైతే ముందు ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. 16-18 డిగ్రీలు దాటితే మద్యం ఘాటు తప్ప మన్నూ తెలీదు, చెర్రీ తెలీదు.