కోడ్ ముందు కూర్చునే పద్ధతి

ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలయ్యేది కోడ్‌ను సొంతంగా టైప్ చేసి, నడిపించి, వచ్చిన తప్పును చదివినప్పుడు. వీడియోలో మాస్టారు రాస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. అదే పని ఖాళీ ఫైలు తెరిచి చేయబోతే మొదటి లైను దగ్గరే చేయి ఆగిపోతుంది. ఈ ఇబ్బందిని దాటడానికి బాగా పనికొచ్చే అలవాటు ఒకటుంది: ప్రోగ్రాంను నడిపించే ముందే, జవాబు ఎంత రావాలో కాగితం మీద రాసిపెట్టుకోవడం.

పైథాన్‌లో నెల పాల లెక్క రాస్తున్న విద్యార్థి సంగతే చూస్తే, రోజుకు ఎన్ని పాకెట్లో అడిగి, ఆ అంకెను 30తో గుణించాలి. 2 అని కొడితే 60 రావాలి. తెర మీద మాత్రం ముప్పై 2లు వరసగా పడతాయి. కీబోర్డు నుంచి వచ్చినదాన్ని పైథాన్ అక్షరంగానే తీసుకుంటుంది; అక్షరాన్ని 30తో గుణించమంటే దాన్ని 30 సార్లు రాసిపెడుతుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. ఈ తప్పయినా కంటికి కనబడుతుంది. పదో తరగతి ఫలితాల ప్రోగ్రాంలో తప్పు అంత తేలిగ్గా దొరకదు. 35 మార్కులకు పాస్ అనాల్సిన చోట '35 కంటే ఎక్కువ' అని షరతు రాస్తే, 90కీ 20కీ జవాబు సరిగ్గానే వస్తుంది. సరిగ్గా 35 తెచ్చుకున్న పిల్లవాడు మాత్రం ఫెయిలవుతాడు. అందుకే 34, 35, 36 మూడింటితోనూ నడిపించి చూడాలి. హద్దుల దగ్గర పరీక్షించడం తొలి నెలలోనే అలవాటైతే తర్వాత ఎన్ని భాషలు మారినా అది పోదు.

ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా చదవడం రెండో అలవాటు. ఎర్ర అక్షరాలు కనబడగానే కంగారుపడి కోడ్‌లో ఏదో ఒకటి మార్చేయడం కొత్తవాళ్లందరూ చేసే పని. పైథాన్ ఎర్రర్‌లో చివరి లైను ముందు చదవాలి; ఏం జరిగిందో అక్కడే ఉంటుంది. ఎక్కడ జరిగిందో దాని పై లైన్లు చెబుతాయి. ఇంగ్లీషు మీడియంలో చదవని విద్యార్థులకు ఇది మొదట కష్టమే. కానీ తరచూ ఎదురయ్యే ఎర్రర్లు కొద్దివే. వాటికి తెలుగులో అర్థం రాసుకుని ఒకచోట పెట్టుకుంటే వారాల్లోనే భయం పోతుంది.

తప్పులను రాసుకోవడం కొత్తవాళ్లకు మాత్రమే చెప్పే సలహా అనుకోకూడదు. కంప్యూటర్ శాస్త్రంలో అగ్రగణ్యుడైన డొనాల్డ్ కనూత్, గణితం నిండిన పుస్తకాలను అందంగా అచ్చువేయడానికి టెక్ అనే ప్రోగ్రాం రాశాడు. 1978లో దాన్ని సరిచేయడం మొదలుపెట్టిన నాటి నుంచి పదేళ్లపాటు చేసిన ప్రతి మార్పునూ ఒక లాగ్ పుస్తకంలో నమోదు చేశాడు. 1989లో ఆ జాబితాను ప్రచురించాడు. అందులో 850కి పైగా పద్దులున్నాయి. వాటిని 15 రకాలుగా విడదీశాడు. పద్ధతిలోనే ఉన్న పొరపాటు ఒక రకం, మరిచిపోయిన పని ఒక రకం, ఎవరూ ఊహించని సందర్భం ఒక రకం, వట్టి అచ్చుతప్పు ఇంకో రకం. తన పుస్తకాల్లో తప్పు చూపించినవాళ్లకు 2008 దాకా 2.56 డాలర్ల బహుమతి చెక్కు పంపేవాడు కూడా. అంతటి మనిషి తన తప్పులను దాచుకోకుండా తేదీలవారీగా అచ్చువేశాడు. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే ఉదాహరణ దొరకడం కష్టం.

కనూత్ అంత శ్రద్ధ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది, కారణం ఏమిటి అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. కొన్నాళ్లకు అదే తప్పు మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఒకరికి లూప్ ఒక అడుగు ఎక్కువ తిరుగుతుంది. మరొకరు ఫంక్షన్‌లో జవాబు లెక్కకట్టి వెనక్కి పంపడం మరిచిపోతారు. ఎవరి బలహీనత ఏమిటో వాళ్ల సొంత నోట్‌బుక్ చెప్పినంత కచ్చితంగా ఏ కోర్సూ చెప్పలేదు.

ఇక ఎంతకాలం పడుతుందన్న ప్రశ్న. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లు రెండు మూడు నెలల్లో ఒక కోర్సు ముగిస్తాయి. ఊళ్ల నుంచి వచ్చిన ఎందరో పిల్లలకు అవి మొదటి ఉద్యోగానికి దారి చూపాయి. ఆ మేలును తక్కువ చేయకూడదు. అయితే కోర్సు ముగిసినంత మాత్రాన విద్య ముగిసిందనుకుంటే నష్టం. త్వరగా నేర్పిస్తామనే పుస్తకాలకు జవాబుగా 2001లో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ రాసిన వ్యాసం ప్రోగ్రామింగ్‌కు పదేళ్లు కావాలంటుంది. పదేళ్లన్న మాట విని బెదరనక్కర్లేదు. ఆ కాలంలో ఎక్కువ భాగం జీతం తీసుకుంటూ నేర్చుకునేదే.

పదేళ్లు సాగాల్సిన పనిని ఆదివారం ఒక్కరోజు ఆరేడు గంటలు కూర్చుని నెట్టుకురాలేరు. జ్ఞాపకం మీద తన పైనే ప్రయోగాలు చేసుకున్న హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించిన సంగతి ఇది: నేర్చుకున్నది మొదటి గంటల్లోనే చాలావరకు జారిపోతుంది, ఒకే రోజు కుక్కిన చదువు కంటే రోజులమీద విడదీసిన చదువు ఎక్కువకాలం నిలుస్తుంది. రోజుకు ముప్పావు గంట, అదీ ఒకే వేళకు, మేలైన కొలత. నిన్నటి ప్రోగ్రాంను చూడకుండా మళ్లీ రాయడంతో మొదలుపెడితే ఇంకా మంచిది. ఏఐ సాయం తీసుకునేవాళ్లు కూడా ముందు తమ ప్రయత్నం ఒకటి రాసుకుని, ఆ తర్వాతే అడగాలి. అది ఇచ్చిన కోడ్‌లో ప్రతి లైనునూ వివరించగలిగితేనే తమ ఫైలులో చేర్చుకోవాలి. అడిగిందే తడవుగా జవాబు వస్తుంటే చేతికి పని తగ్గుతుంది, నేర్చుకోవడమూ తగ్గుతుంది.

నేర్చుకునే పని ఇన్నేళ్లు సాగాలంటే శరీరమూ సహకరించాలి. ఈ విషయాన్ని కోర్సులు దాదాపుగా ముట్టుకోవు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే హైదరాబాద్‌లో సాయంత్రం 6:30, అక్కడి శీతాకాలంలో 7:30. కాలిఫోర్నియాలో అదే 9 గంటలకు ఇక్కడ రాత్రి 9:30 లేదా 10:30. అమెరికా కంపెనీల కోసం పనిచేసే ఇళ్లలో రాత్రి భోజనం, నిద్ర రెండూ ఆ వేళల్లో వచ్చే కాల్స్ చుట్టూ తిరుగుతాయి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ రోజు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. కాబట్టి రాత్రి రెండింటిదాకా కోడ్ రాసి ఉదయం ఆరింటికి లేచే విద్యార్థి, నేర్చుకున్నదాంట్లో కొంత పోగొట్టుకుంటున్నట్టే. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి కాల్‌కు ముందు తాగిన కాఫీ నిద్రవేళకూ పనిచేస్తూనే ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి తప్పు ఎత్తులో ఉండి తీరుతుంది: తెర కిందికుంటే మెడ వంగుతుంది, పైకెత్తితే మణికట్లు వంగుతాయి. హాస్టల్ మంచం మీద ఒళ్లో పెట్టుకుంటే రెండూ చెడతాయి. నాలుగు లావు పుస్తకాల మీద ల్యాప్‌టాప్ ఎక్కించి, విడిగా ఒక మామూలు కీబోర్డు కొనుక్కుంటే చాలా నొప్పులు దగ్గరికి రావు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమోనని డాక్టరుకు చూపించాలి. మొదట్లో అయితే సులువుగా నయమవుతుంది. తెర చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం తగ్గి కళ్లు పొడిబారతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేది ఇందుకే. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మధ్యాహ్నం భోజనం కాగానే పది నిమిషాల నడక రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుతుంది. షుగర్ జబ్బు చిన్న వయసులోనే పట్టుకుంటున్న మన ఇళ్లలో దీన్ని ఎవరూ వదులుకోకూడదు. ఎంతకీ దొరకని బగ్ కుర్చీలోంచి లేచి నడుస్తున్నప్పుడు తట్టడం కూడా ప్రోగ్రామర్లందరికీ అనుభవమే.

ఇన్నేళ్ల సాధనలో ప్రోగ్రామింగ్ భాషలు మాత్రం మారుతూనే ఉంటాయి. 1990ల చివర వైటూకే (2000 సంవత్సరపు తేదీల సమస్య) పని కోసం కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది ఆ పని అయిపోగానే జావా పట్టుకోవాల్సి వచ్చింది. ఫైళ్లు ఎలా అమరుతాయో, లెక్క ఏ వరసలో సాగుతుందో తెలిసినవాళ్లు త్వరగా సర్దుకోగలిగారు. అందుకే మొదట ఒక్క భాషను రెండేళ్లు వదలకుండా పట్టుకోవాలి. రెండో భాష దానికి బాగా భిన్నమైనదైతే మంచిది. పైథాన్ తర్వాత సీ నేర్చుకుంటే పైథాన్ దాచిపెట్టిన మెమరీ సంగతులు బయటపడతాయి.

పరీక్షలు, పెళ్లి, కాన్పు, ఇంట్లో అనారోగ్యం వచ్చి సాధన నెలల తరబడి ఆగిపోవడం మామూలే. తిరిగి మొదలుపెట్టేటప్పుడు కొత్త కోర్సులో చేరి మొదటి పాఠం నుంచి రావడం చాలామంది చేసే పని. వేరియబుల్ అంటే ఏమిటో నాలుగోసారి విని విసుగుతో మళ్లీ ఆపేస్తారు. దానికంటే తమ పాత ప్రోగ్రాంలలో ఒకదాన్ని తెరిచి, అది నడుస్తోందో లేదో చూసి, అందులో ఒక చిన్న మార్పు చేయడం మేలు. అది పనిచేశాక మర్నాడు అదే వేళకు ఇంకో మార్పు చేయవచ్చు.